పాప కనపడటం లేదు

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనని మాట ఒకటుంది నాలో. పాత బ్యారన్ దగ్గర రాత్రిళ్ళు వినపడే గొంతు ఎవరిదో నాకు తెలుసు.

ఊరంతా దాన్ని దెయ్యమంటుంది. నలుగురిలో ఉన్నప్పుడు నేనూ అంటాను. ఇదిగో, ఇలా అందరూ పడుకున్నాక ఒక్కదాన్నే కూర్చుంటే మాత్రం ఆ మాట నోట్లోంచి రాదు. అది మా అరుగు మీద కూర్చుని నవ్విన గొంతు. నా తల దువ్వుతూ, చిక్కుపడినప్పుడల్లా నన్ను తిట్టిన గొంతు. ఆ గొంతుగల మనిషి అసలు బతికి ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. భయం, అంతే.

ముందు బ్యారన్ గురించి చెప్పాలి.

అద్దంకి రోడ్డు దిగి మా ఊరికి వచ్చే డొంకలో, పత్తి చేలు అయిపోయి మిరప చేలు మొదలయ్యే చోట ఉంటుంది. పొగాకు వేడికి ఆరబెట్టడానికి కట్టిన ఎత్తయిన గది అది. కిటికీలు లేవు. పొగాకు మానేసి అందరూ పత్తి పట్టుకున్నాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. తలుపు ఎవరో ఊడదీసుకుపోయారు. మిట్టమధ్యాహ్నం చూసినా లోపల చీకటే… నోరు తెరుచుకుని నిలబడ్డట్టు ఉంటుంది.

అక్కడ తెల్లచీర ఆవిడ తిరుగుతుందంటారు. చీర కాదు, తెల్లగౌను అనేవాళ్ళూ ఉన్నారు. చేతిలో దీపం… రెండు వేళ్ళ మధ్య పట్టేంత చిన్న దీపం. పోయిన బిడ్డ కోసం వెతుక్కుంటుందట. దారినపోయేవాణ్ణి ఆపి, మొహంలో మొహం పెట్టి, ఒక్కటే అడుగుతుందట —

"పాప ఏదీ?"

అందుకే చంటిపిల్లల్ని ఎత్తుకుని ఆ దారిన పోయే తల్లులు పిల్లని పాపా అని పిలవరు. బుడ్డిదనో చంటిదనో అంటారు. మగాళ్ళు ఒంటరిగా పోవలసివస్తే బ్యారన్ ఇంకా కనపడకముందే మొదలుపెడతారు — "పాప ఉందమ్మా… పాప బాగుందమ్మా" అని, గొంతు చించుకుని. పగలు మీసం తిప్పే మనుషులే వీళ్ళంతా.

యలమందయ్య అని, కూలికి అందరి చేలల్లోనూ మందు కొట్టే మనిషి. ఒకరోజు పని ముగిసేసరికి పొద్దుగూకింది. వీపున పంపుతో డొంకలో ఒక్కడే వస్తున్నాడు. పాప ఉందమ్మా అనడం మర్చిపోయాడో, అనే ఓపిక లేదో…

బ్యారన్ పక్కకి వచ్చాడు. కీచురాళ్ళు ఆగిపోయాయి.

"ఆగు" అందట.

ఆగాడు. కాళ్ళు తన మాట వినలేదట. తెల్లటి ఆకారం దగ్గరికి వచ్చింది… ఇంకా దగ్గరికి… చల్లటి వేలు ఒకటి బుగ్గమీద ఆని, కింది రెప్పని మెల్లగా కిందికి లాగింది. కంట్లోకి దీపం.

"పాప ఏదీ…"

వేలు రెండో కంటికి మారింది. చాలాసేపు చూసింది. తరవాత, బిగబట్టిన ఊపిరి వదిలినట్టు —

"ఉందిలే. ఇంటికెళ్ళి ఒళ్ళు సబ్బుతో కడుక్కో."

ఈ చివరి మాట చెప్పినందుకే యలమందయ్య నవ్వులపాలయ్యాడు. "ఒరేయ్, రక్తం తాగే దెయ్యాల గురించి విన్నాం గానీ, సబ్బు రుద్దుకోమనే దెయ్యమేంట్రా? నీ కంపు దానికే పడలేదా ఏం?" అని టీకొట్టు దగ్గర ఒకటే ఎగతాళి. అతను తగ్గలేదు. "నవ్వండ్రా. సబ్బనే అంది. ఆ రోజు నుంచి నేను స్నానం మానలా" అనేవాడు.

అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి దుప్పటి ముసుగు పెట్టుకున్నాక తెల్లారేదాకా ఆ మాటే విన్నాను. అంతవరకు నాకున్నది అనుమానం. సబ్బు మాటతో అది కూడా తీరిపోయింది.

ఇక మా తమ్ముడి సంగతి.

ఈ పంటకి మా పత్తి మీద పచ్చపురుగు పడింది. తమ్ముడు శివనాగరాజు ఇంటర్ తప్పి నాన్నతో పొలం చేస్తున్నాడు. ఆ రోజు పగలంతా వాడే మందు కొట్టాడు. ఎదురుగాలి. మందు నీళ్ళు మీదపడి చొక్కా ఒంటికి అతుక్కుపోయినా మార్చుకోలేదు. పొలానికి కరెంటు రాత్రే ఇస్తున్నారు కాబట్టి, మోటారు వేసి మిరపకి తడి పెట్టి వస్తానని అక్కడే ఉండిపోయాడు.

వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. గడపలో కూర్చుండిపోయాడు. లోపలికి రాలేదు.

"అక్కా… ఆపింది" అన్నాడు.

"ఎవరు?"

"బ్యారన్ దగ్గర…"

మిగతాది చెప్పకుండానే పక్కకి ఒరిగాడు.

ఇంట్లో కరెంటు లేదు. లాంతరు వెలుగులో వాడి మొహం చెమటతో మెరుస్తోంది. నోట్లోంచి సొంగ… తుడిచినకొద్దీ కారుతోంది. ఛాతీలో గరగరా చప్పుడు. చేతుల కండలు చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అదురుతున్నాయి.

మామ్మ ఒక్క చూపు చూసి తేల్చేసింది. "గాలి సోకింది రా నారాయణా. పక్కూరి మంత్రగాణ్ణి పిలువు. ముందు కుంపటి వెలిగించండే, మిరపకాయలు వేద్దాం. ఆ ఘాటుకి ఎట్లాంటిదైనా వదిలిపోవాలి."

నాన్న అప్పటికే చెప్పులేసుకున్నాడు, మంత్రగాడి కోసం. మామ్మ గుప్పిట్లో ఎండుమిరపకాయలు.

"మామ్మా, పొగ పెట్టొద్దు. వాడికి ఊపిరే ఆడట్లేదు."

"నువ్వు నోర్ముయ్. వాడు చూసింది దెయ్యాన్ని. జడుసుకున్నాడు."

అక్కడ ఆగాను నేను. జడుసుకున్నాడు… జడుసుకున్నవాడి నోరు ఎండిపోవాలి. వీడి నోరు కారుతోంది.

టార్చి తెచ్చాను. కింది రెప్ప లాగాను. చీకట్లో ఉన్న కన్ను, భయపడ్డ కన్ను — మధ్యలో నల్లటి పాప ఇంత పెద్దదిగా విచ్చుకుని ఉండాలి. వెతికాను. రెండో కన్నూ చూశాను. ఎక్కడో గుండుసూదితో గుచ్చినట్టు చిన్న చుక్క… అది కూడా ఉందో, నేను ఉందనుకుంటున్నానో తెలియనంత.

ఇలా వెతకడం నాకు నేర్పింది మా శిల్పక్క. ఆవిడ గురించి చెప్పకుండా ముందుకి పోలేను.

శిల్పక్క మా పెదనాన్న కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. గుంటూరులో నర్సింగ్ చదివేది. సెలవులకి తెల్ల యూనిఫామ్‌లోనే బస్సెక్కి వచ్చేది. "సిస్టర్ అనుకుని ఎవడూ మీదపడడే" అనేది. వచ్చినప్పుడల్లా శరీరశాస్త్రం పుస్తకం నా చేతికిచ్చి, తను కళ్ళు మూసుకుని పాఠం అప్పజెప్పేది. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు, వేలు పెట్టి అక్షరాలు సరిచూసేదాన్ని. నా చదువంతా అదే. తరవాత పదో తరగతి పుస్తకాలతో నేను సొంతంగా ఎంత కుస్తీ పట్టినా, మనసులో నిలిచింది మాత్రం ఆ అరుగు మీద విన్నదే.

మామ్మ ఊరుకునేది కాదు. "ఒంట్లో ఎముకలు లెక్కపెట్టి ఏం చేస్తారే? రాత్రికి రాత్రి ఎవరన్నా ఎత్తుకుపోతున్నారా?"

"గుండె ఎక్కడుంటుందో చెప్పు మామ్మా" అనేది అక్క.

"ఎడంపక్క."

"మధ్యలో. కాస్త ఎడమకి వాలి."

"మీ తాతకి మటుకు అటూ లేదు, ఇటూ లేదు. ఆ పుస్తకంలో రాసుకోండి."

నరాల పాఠం వచ్చినప్పుడు అక్క నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. "ఒంటికి రెండు పగ్గాలున్నాయే కోటీ. ఒకటి పరిగెత్తిస్తుంది, ఒకటి కూర్చోబెడుతుంది. దెయ్యాన్ని చూశావనుకో, మొదటిది లాగుతుంది. గుండె దడదడ, నోరు పిడచ, పాప పెద్దదవుతుంది. అన్నం తిని కునుకు తీశావనుకో, రెండోది. నోట్లో నీళ్ళూరతాయి, గుండె నిదానం, పాప ముడుచుకుంటుంది. పురుగుమందు ఈ రెండో పగ్గాన్ని పట్టి లాగి వదలదు. అన్నీ కారిపోతాయి, ఊపిరితిత్తులు నీళ్ళతో నిండిపోతాయి. ఆ మందు ఒంటిమీద పడితే ముందు సబ్బుతో కడుక్కోవాలి."

"పాపేంటక్కా, కంటిపాప అనాలిగా?"

"కంటిపాపని ఇంగ్లీషులో ప్యూపిల్ అంటారు. అంటే బళ్ళో పిల్లాడట. మనం పాప అన్నాం. మనదే ముద్దుగా ఉంది. క్లాసులో నవ్వుతారు, నవ్వనీ."

పెదనాన్న కూడా ఆవిణ్ణి పాపా అనే పిలిచేవాడు. పిచ్చయ్య ఆయన పేరు. పత్తికి బాగా తెగులు తగిలిన ఏడు, తొంభై ఏడులో, పొద్దున్నుంచీ మందు కొట్టి డొంకలో పడిపోయాడు. దగ్గర్లో నీడ బ్యారనే. మోసుకెళ్ళి లోపల పడుకోబెట్టారు. శిల్పక్క అప్పుడే బస్సు దిగి వస్తోంది. సంచీ దారిలో పడేసి పరిగెత్తింది.

వెనకే పరిగెత్తిన నన్ను ఇంటికి పొమ్మన్నారు. నేను పోలేదు. బ్యారన్ వెనక గోడకి ఆనుకుని విన్నాను.

"మందు తాగాడా?" ఎవరో అడిగారు.

"తాగలేదు. కొట్టాడు. చర్మంలోంచి ఎక్కింది. బండి తీయి బాబాయ్. గుంటూరు తీసుకెళ్దాం, సూది ఉంది దీనికి."

బాబాయ్ అంటే మా నాన్న. "తాగకుండా ఎట్లా ఎక్కుతుందే? చర్మానికేమన్నా నోరుందా?" అన్నాడు.

నాన్న చెడ్డవాడు కాదు. ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో మందు తాగి పోయినవాళ్ళు ఇంటికొకరన్నట్టు ఉన్నారు. ఆసుపత్రికి తీసుకుపోతే పోలీసులొస్తారు, కొట్టాడని చెప్పినా తాగాడనే రాసుకుంటారు, అన్న పేరు పాడవుతుంది — ఇదీ ఆయన భయం. మందు అన్న మాట ఒక్కటే. తాగినా మందే, కొట్టినా మందే, జబ్బుకి వేసేదీ మందే. ఆ మాటలో ఇరుక్కుని పెదనాన్న అక్కడే ఉండిపోయాడు. గాలేమో చూద్దాం, తెల్లవారనీ అన్నారు.

చీకటి పడింది. శిల్పక్క చేతిలో పెన్నులాంటి చిన్న టార్చి. అడుగుతూనే ఉంది, అరుస్తూనే ఉంది. తరవాత తరవాత గొంతు పోయి, గుసగుస మిగిలింది.

"పాప లేదు… పాప కనపడటం లేదు… చూడండి బాబాయ్, పాప ఏదీ…"

డొంకలో పోతున్న పైవూరి బళ్ళవాళ్ళు ఆ గుసగుస విని, చీకటి గదిలో తెల్లబట్టలు చూసి, ఎద్దుల్ని అదిలించుకుని పోవడం నేను కళ్ళారా చూశాను. దెయ్యం కథ పుట్టింది అప్పుడే. మా ఊళ్ళో నిజం తెలిసినవాళ్ళు నలుగురో అయిదుగురో. వాళ్ళెవరూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు?

తెల్లవారుజామున పెదనాన్న మాట్లాడాడు. అది కూడా విన్నాను.

"పాప ఎక్కడికి పోతుందమ్మా… ఇక్కడే ఉందిగా… చెయ్యి పట్టుకునే ఉందిగా…"

అంతే.

దినాలయ్యాక శిల్పక్క వెళ్ళిపోయింది. బస్సు దగ్గర మా నాన్న వైపు చూడలేదు. నా కింది రెప్ప ఒక్కసారి లాగి చూసి, "ఉందిలే" అంది. మళ్ళీ ఊరికి రాలేదు.

ఇప్పుడు మా ఇంటి గడపలోకి వస్తాను.

తమ్ముడి రెప్ప నా వేలి కింద ఉంది. టార్చి ఇంకా ఆ కంట్లోకే పట్టుకున్నాను. నేను అనాలని అనలేదు. నోట్లోంచి అదే వచ్చింది. గుసగుసగా.

"పాప కనపడటం లేదు."

మామ్మ చేతిలో మిరపకాయలు కింద పడ్డాయి. "అమ్మో… దీనికీ పట్టింది."

మా అమ్మ నా దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. కన్నతల్లి, నన్ను చూసి జరిగింది. తమ్ముడి ఛాతీలో గరగర ఒక్కటే.

నాన్న మటుకు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. లాంతరు వెలుగులో ఆయన మొహం… ఆ మాట ఆయన విన్నది మొదటిసారి కాదు కదా. ఏమంటాడో అని చూశాను. చర్మానికి నోరుందా అనలేదు. తాగాడా అని కూడా అడగలేదు. గౌస్ బాషా ఇంటికి పరిగెత్తి, జీపు తీయించుకుని వచ్చాడు. తమ్ముణ్ణి రెండు చేతులా తనే ఎత్తాడు.

"చొక్కా తీసెయ్ నాన్నా. నీళ్ళు పొయ్యాలి. సబ్బు తేవే అమ్మా" అన్నాను.

చెప్పినట్టు చేశారందరూ. దెయ్యం మాటలానే విన్నారేమో నా మాట.

బ్యారన్ ముందునుంచే పోవాలి జీపు. అక్కడికి వచ్చేసరికి నాన్న తల పక్కకి తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. ఏమీ కనపడలేదు. చీకటి… గుమ్మం… అంతే. అయినా దాటేదాకా ఎవరో పక్కనే నడుస్తున్నట్టు, లోపలికి తొంగి చూస్తున్నట్టు ఉంది.

అద్దంకిలో డాక్టరుగారు ముందు సూది వేసి, గుంటూరు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రాత్రంతా ఇంజెక్షన్లు పడుతూనే ఉన్నాయి. ఒక సిస్టర్ మాటిమాటికీ వచ్చి రెప్ప ఎత్తి చూసిపోతోంది. తెల్లారుతుండగా చూసి నిటారుగా నిలబడింది.

"హమ్మయ్య. పాప వచ్చింది."

పక్క మంచం ముసలమ్మ లేచి కూర్చుంది. "ఏ వార్డులోనమ్మా? తల్లికి బాగుందా?"

సిస్టర్ నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. "పాప అన్నారేంటండీ? ఇక్కడ అందరూ ప్యూపిల్ అంటున్నారుగా" అన్నాను.

"మా బ్యాచ్‌లో శిల్ప అని ఒకమ్మాయి ఉండేది. తన అలవాటే మాకూ అంటుకుంది."

ఆవిడ పేరు జహీరున్నీసా. శిల్ప మా అక్కండీ అన్నాను. ఆవిడ నవ్వు ఆగింది. నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడుందమ్మా ఇప్పుడు? చదువయ్యాక ఎక్కడో దూరంగా ఆసుపత్రిలో చేరింది. ఎప్పుడూ నైట్ డ్యూటీయే అడిగి వేయించుకునేదట. ఒంట్లో బాగాలేదని ఎవరో అన్నారు. ఆ తరవాత రెండేళ్ళుగా ఎవరికీ ఉత్తరం ముక్క లేదు. నా దగ్గర ఒక నంబరుంది గానీ… చేయడానికి ధైర్యం చాల్లేదు."

నంబరు నా అరచేతిలో రాసింది.

తమ్ముడికి మర్నాటికి మాట వచ్చింది. నాన్న మంచం పక్కనే ఉన్నాడు. బ్యారన్ దగ్గర ఏం జరిగిందని నేనే అడిగాను.

"తెల్లబట్టలు. దీపం కంట్లో పెట్టింది. పాప ఏదీ అంది…"

"మందు తలకెక్కితే లేనివి కనపడతాయమ్మా" అంది జహీరున్నీసా సెలైన్ మారుస్తూ. "చిన్నప్పటి నుంచి ఆ కథ వింటున్నాడుగా. అదే కనపడి ఉంటుంది."

అదే అయ్యుంటుంది. నేనూ ఒప్పుకోబోయాను.

"కథలోలా ఉందిలే అనలేదక్కా" అన్నాడు వాడు. "లేదు అంది. ఏడుస్తోంది. పరిగెత్తు, ఇంటికెళ్ళి బాబాయ్‌ని బండి తీయమను అంది. మనకి బాబాయ్ లేడుగా. ఎవర్నక్కా తీయమంది?"

నాన్న లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆయన్ని బాబాయ్ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. శిల్పక్క ఊరొదిలి వెళ్ళేనాటికి వాడు చిన్నపిల్లాడు, ఆవిడ పిలుపు వాడికి గుర్తున్నట్టు లేదు. బండి తీయమన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

తమ్ముడు ఇంటికొచ్చాడు. పత్తి ఏరడం అయిపోయింది, మిరప కల్లాలు మొదలయ్యాయి. అరచేతిలో నంబరు ఎప్పుడో చెరిగిపోయింది. చెరిగేలోపే కంఠతా వచ్చేసింది నాకు. రోజూ రాత్రి ఫోన్ దగ్గర కూర్చుంటాను, లేచి వస్తాను.

భయమేంటో చెబుతాను. వేరేవాళ్ళు ఎత్తి, ఆవిడ పోయిందమ్మా అంటే — శిల్పక్క నాకు లేనట్టే. పోనీ తనే ఎత్తి, ఎవరూ అంటే… మరి డొంకలో మా తమ్ముడి రెప్ప లాగి చూసింది ఎవరు? ఏ జవాబు వచ్చినా నాకు నిద్ర ఉండదు.

నాన్న మంచం ఇందాకట్నుంచీ కిర్రుకిర్రుమంటోంది. ఆయనా పడుకోలేదు. నిన్న అన్నం ముందు కూర్చుని, "శిల్ప జాడేమన్నా తెలుస్తుందా?" అన్నాడు, కంచంలోకి చూస్తూ. ఎనిమిదేళ్ళకి ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. దగ్గినట్టు నటించి లేచిపోయాను.

ఇంక లేచిపోను. నాన్నని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఎవరు పలికినా మొదటి మాట ఆయనే మాట్లాడాలి. ఈ వేళప్పుడు ఫోనేంటని ఎవరన్నా అనుకోనీ. బతికి ఉంటే నైట్ డ్యూటీలో ఉంటుంది. లేకపోతే… అప్పుడు కూడా మెలకువగానే ఉంటుంది.

చేస్తాను.